లేళ్ల వేటలో ఎదురైన పులి: ‘ససేమిరా’ కథ నుండి చీతా అంతర్ధానం వరకు

వ్యాససంగ్రహం

లేడి కోసమో, జింక కోసమో వేటకు బయలుదేరినవారికి పెద్దపులి, చిరుతపులి, చీతా వంటి జంతువులు అనుకోకుండా ఎదురైన సందర్భాలు మన కథాసాహిత్యంలోను, నిఘంటువులలోను, 19, 20 శతాబ్దాల ప్రకృతిశాస్త్ర రచనలలోను చెదురుమదురుగా ఉన్నాయి. ఈ సందర్భాలను చరిత్రకు ఆకరాలుగా చదవవచ్చునా, చదివితే తెలుగు నేల గురించి, తెలుగు మాటల గురించి ఏమి తెలుస్తుంది అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

కీలకపదాలు: మృగయ, ససేమిరా, ఇఱ్ఱి, చిరుతపులి, చీతా, సివంగి, వేంగి, చిత్తూరు.

1. ప్రవేశిక

వేటను గూర్చిన రచనలు రెండు రకాలు. పులిని చంపాలని సంకల్పించి, మంచె కట్టి, ఎర కట్టి, డప్పులతో అడవిని కలియబెట్టి చంపినవారి రచనలు ఒక రకం. వీటిలో వేటగాని శౌర్యమే ప్రధానం. అడవి అతనికి రంగస్థలం మాత్రమే. ఎన్ని పులులు, ఎన్ని అడుగుల పొడవు అన్న లెక్కలు వీటిలో విరివిగా కనిపిస్తాయి. ఆ లెక్కలు పెరిగిన కొద్దీ వాటిపై నమ్మకం తగ్గడం సహజం. రెండవ రకం రచనలు చాల తక్కువ. లేడి జాడ పట్టుకొని పోతుండగా తుప్పల చాటున మరొకటి కదిలింది. తాను వెతకనిది తన కంటబడింది. ఇటువంటి సాక్ష్యం చిన్నది. కాని దానిలో గొప్ప చెప్పుకొనవలసిన అవసరం తక్కువ కాబట్టి, ఒక ప్రాంతంలో ఒక జంతువు ఉండెనా లేదా అన్న ప్రశ్నకు ఇదే ఎక్కువ విశ్వసనీయమైన సమాధానమని నా అభిప్రాయం.

ఈ పరిశీలనకు వట్లూరు నుండి చూపు సారించడంలో ఒక కారణం ఉన్నది. ఏలూరును ఆనుకొని ఉన్న ఈ గ్రామానికి దక్షిణంగా కొల్లేటి పల్లం, ఉత్తరంగా ఒకప్పటి వేంగి రాజధానియైన పెదవేగి, ఆపైన కామవరపుకోట, చింతలపూడి మెట్టప్రాంతం, దానికి ఈశాన్యంగా పోలవరం అడవులు, పాపికొండలు. సరస్సు, పంటమైదానం, మెట్ట, కొండ అడవి ఒకే జిల్లాలో ఇంత దగ్గరగా ఉండడం అరుదు. జింకల నేలకు, పులి నేలకు మధ్య సరిహద్దు ఎక్కడ అన్న ప్రశ్న ఇక్కడ నిలుచున్నవారికి తేలికగా తోస్తుంది.

2. ఒక మాట పుట్టిన వేట

‘ఎంత చెప్పినా ససేమిరా అన్నాడు’ అని మనం నిత్యం అంటూ ఉంటాం. ఈ మాటకు మూలం ఒక జింక వేట. ఆ వేటలో అనుకోకుండా ఎదురైన పులి. విక్రమార్కుని సింహాసనపు కథల సంప్రదాయంలో, ముప్పది రెండు సాలభంజికల కథలకు ముందు వచ్చే ఉపకథ ఇది. ఆ కథాచక్రాన్ని 15వ శతాబ్దంలో కొఱవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’గా తెలుగు చేశాడు. సంస్కృతంలో దీనికి పలు పాఠభేదాలున్నాయి. ఫ్రాంక్లిన్ ఎడ్గర్టన్ వాటిని పోల్చి 1926లో ప్రకటించాడు. మన ప్రాంతాలలో వ్యాపించిన దాక్షిణాత్య పాఠాన్ని అనుసరించి కథ ఇట్లా సాగుతుంది.

నందరాజు కుమారుడు అపశకునాలను లెక్కచేయక వేటకు పోతాడు. చాల మృగాలను కొట్టిన తరువాత ఒక కృష్ణజింక కంటబడుతుంది. దాని వెంట గుఱ్ఱాన్ని దౌడు తీయించి దట్టమైన అడవిలో ప్రవేశిస్తాడు. పరివారం వెనుకబడిపోతుంది, జింక మాయమవుతుంది. ఒంటరియైన రాజకుమారుడు ఒక సరస్సు కనుగొని, గుఱ్ఱాన్ని చెట్టుకు కట్టి, నీరు త్రాగి, నీడన కూర్చుంటాడు. అప్పుడు పులి వస్తుంది. గుఱ్ఱం త్రాడు తెంపుకొని నగరానికి పరుగెడుతుంది. రాజకుమారుడు చెట్టెక్కుతాడు. ఆ చెట్టుపై అప్పటికే ఒక ఎలుగుబంటి ఉన్నది.

తరువాతి కథ ప్రసిద్ధమే. ఎలుగుబంటి అతనికి శరణిస్తుంది. రాత్రి అతడు దాని ఒడిలో నిద్రిస్తుండగా, వీనిని క్రిందికి త్రోయుమని పులి ప్రేరేపిస్తుంది. శరణాగతుని విడువనని ఎలుగు నిరాకరిస్తుంది. వంతు మారి ఎలుగు నిద్రించినప్పుడు పులి అదే మాట రాజకుమారునితో అంటుంది. అతడు త్రోసివేస్తాడు. పడుతూ కొమ్మ పట్టుకొని బ్రదికిన ఎలుగు, ‘ససేమిర’ అంటూ పిచ్చివానివై తిరుగుమని శపిస్తుంది. చివరకు తెర వెనుక నుండి శారదానందుడు నాలుగు శ్లోకాలు చదువుతాడు. ఒక్కొక్క శ్లోకం ఆ నాలుగు అక్షరాలలో ఒక్కొక్క దానితో మొదలవుతుంది. ఒక్కొక్కటి వినగానే ఒక్కొక్క అక్షరం రాకుమారుని నోటినుండి జారిపోయి, అతడు స్వస్థుడవుతాడు.

కథను మిత్రద్రోహ కథగానే అందరూ చదివారు. అది సరియైన పఠనమే. అయితే వేట చరిత్ర దృష్టితో చదివితే దీనిలో మరొక పొర ఉన్నది. కృష్ణజింక బయలు నేలల జంతువు. పొట్టిగడ్డి, విశాలమైన చూపు, పరుగెత్తడానికి అడ్డులేని చదును దానికి కావాలి. దట్టమైన అడవి దాని చోటు కాదు. పెద్దపులికి చాటు, నీరు, నీడ కావాలి. కథకుడు జింకను మైదానంలో చూపి, అడవి నడుమ మాయం చేశాడు. సరస్సు ఒడ్డున పులిని నిలిపాడు. ఒక నేల ముగిసి మరొక నేల మొదలైన చోటే వేటగాడు వేటగా మారాడు. పులి రాకను ముందుగా గుర్తించినది గుఱ్ఱం. రౌతు లేని గుఱ్ఱం ఇల్లు చేరడమే నగరానికి అందిన మొదటి వార్త. శాపాలు, మాట్లాడే మృగాలు నిండిన కథలో ఈ భాగం మాత్రం అడవి ఎరిగినవాడు చెప్పినట్లే ఉన్నది.

అర్థపరిణామం కూడ గమనింపదగినది. మూలకథలో ‘ససేమిర’ అనేది అర్థం లేని ప్రలాపం, పాపఫలం. తెలుగు వాడుకలో అది మొండి నిరాకరణ అయింది. ఏమి అడిగినా ఒకే మాట చెప్పేవాడు ఎదుటివానికి నిరాకరిస్తున్నట్లే తోచి ఉండాలి. మాటలో ఎలుగు పోయింది, పులి పోయింది, జింక అసలే పోయింది. ఆ మాటను రోజూ వాడేవారిలో దాని వెనుక ఒక వేట ఉన్నదని తలచేవారు ఎందరు?

మన ప్రబంధాలలోని మృగయావర్ణనలు దీనికి భిన్నమైనవి. మనుచరిత్రలో స్వరోచి వేటను గాని, కాళహస్తీశ్వర మాహాత్మ్యంలో తిన్నని వేటను గాని చూస్తే, అక్కడి వేట ఒక కట్టుదిట్టమైన వేడుక. కుక్కలు, వలలు, బోయల పలుకుబళ్లు, మృగాల పట్టిక, అన్నింటికీ వరుస ఉన్నది. అక్కడ పులి రావలసిన చోట వస్తుంది. శ్రీశైల మల్లికార్జునాలయ ప్రాకారపు రాళ్లపై చెక్కిన వేట దృశ్యాలలో కూడ ఈ వేడుక లక్షణమే ఎక్కువ. వర్ణనకు ఇది బలం. చరిత్రకారునికి ఇదే చిక్కు. అన్ని మృగాలు అన్ని అడవులలో ఉన్నట్లు చెప్పే వర్ణన ఏ అడవిని గూర్చీ సాక్ష్యం చెప్పదు.

3. పేర్లు చెప్పే చరిత్ర

మద్రాసు సైన్యంలో వైద్యునిగా పనిచేసిన టి.సి. జెర్డన్ కొంతకాలం నెల్లూరులో ఉన్నాడు. 1867లో వెలువడిన భారతదేశ క్షీరదాల గ్రంథంలో అతడు ప్రతి జంతువుకూ దేశభాషల పేర్లు సేకరించి ఇచ్చాడు. అతని పుస్తకాన్ని జీవశాస్త్రజ్ఞులు చదివినంతగా తెలుగు పరిశోధకులు చదవలేదు. కృష్ణజింకకు జింక అని, మగదానికి ఇఱ్ఱి, ఆడుదానికి లేడి అని తెలుగు పేర్లు అతడు నమోదు చేశాడు. చుక్కల దుప్పికి దుప్పి. నాలుగు కొమ్ముల జింకకు కొండగొఱ్ఱె. నేడు మనకు లేడి, జింక, దుప్పి అనేవి దాదాపు పర్యాయపదాలు. నాటి వేటగానికి అవి వేరు వేరు జంతువులు, వేరు వేరు నేలలు. దుప్పి జాడలో పోయేవాడు అడవి అంచున నడుస్తున్నాడు. ఇఱ్ఱి జాడలో పోయేవాడు బీడులో నడుస్తున్నాడు. అందువల్ల వారికి ఎదురయ్యే పెద్ద జంతువు కూడ వేరు.

పిల్లిజాతి పేర్లలో చిక్కు ఎక్కువ. పెద్దపులి, బెబ్బులి అన్నవాటిలో సందేహం లేదు. చిన్నపులి, చిరుతపులి అనేవి చెట్టెక్కే, వలయాల మచ్చల జంతువుకు చెల్లినవి. ఇక మూడవది. సన్నని నడుము, పొడవైన కాళ్లు, గుండ్రని నల్లని చుక్కలు, కంటి నుండి నోటి వరకు కన్నీటి చారవంటి నల్లని గీత కలది. దీనిని జెర్డన్ తెలుగులో చీతాపులి అని, కన్నడంలో చిర్చ, సివంగి అని నమోదు చేశాడు. తెలుగువారు కూడ సివంగి, శివంగి అనే మాట ఎరుగుదురు. అయితే నేటి వాడుకలో ‘ఆడ శివంగి’ అంటే ఆడసింహం వంటిదనే అర్థం స్థిరపడింది. సింహం ఎన్నడూ లేని పల్లెలలో ఆడసింహానికి దేశ్యమైన పేరు ఎందుకు ఉంటుంది? పక్కభాషలో ఆ మాట చీతాను చెప్పుతుండగా, మన భాషలో జంతువు కనుమరుగై పేరు మాత్రం మిగిలి, అది దిక్కులేక మరొక జంతువుపై వాలిందని ఊహించడం అసంగతం కాదు.

ఊరిపేర్ల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పులి అన్న మాట కనబడగానే అక్కడ పులులుండేవని రాసేయడం మనలో అలవాటు. కాని పులిచింత అనేది పుల్లని ఆకుగల ఒక చిన్న మొక్క. కృష్ణానదిపై ఉన్న పులిచింతలకు ఆ మొక్క కారణమా, జంతువు కారణమా అన్నది పేరును బట్టి మాత్రమే తేల్చదగినది కాదు. కంటితో చూసినవాని సాక్ష్యం ముందు పేరు సాక్ష్యం ఎప్పుడూ రెండవదే.

4. చీతాతో జింక వేట

చీతాను మచ్చిక చేసి జింకలపై వదలే వేట దక్కనులో పాతది. కళ్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దిలో రచించిన ‘మానసోల్లాసం’ మృగయను విస్తారంగా వివరిస్తూ దీనిని కూడ పేర్కొన్నది. వేట పద్ధతి ఇది. చీతా కళ్లకు గంతలు కట్టి ఎద్దుబండిపై కూర్చుండబెడతారు. జింకలు రైతు బండ్లకు అలవాటుపడి ఉంటాయి కాబట్టి బెదరవు. బండి మందకు చేరువగా పోయాక గంతలు విప్పుతారు. చీతా పరుగు కొన్ని వందల గజాలు మాత్రమే. ఆలోగా ఇఱ్ఱి చిక్కవలె, లేకుంటే అది నిలిచిపోతుంది. చిక్కితే గొంతు పట్టుకొని ఉంటుంది. పెంపకందారు వచ్చి, జింక రక్తం గరిటెతో త్రాగించి, మళ్లీ గంతలు కట్టి తీసుకొనిపోతాడు.

ఈ వేడుక వెనుక ఒక లెక్క ఉన్నది. ఆ కాలంలో చీతాలు బందీగా ఉన్నప్పుడు పిల్లలు పెట్టేవి కావు. జహంగీరు కాలంలో ఒకసారి పెట్టినట్లు నమోదైనది. అది అపురూపం కాబట్టే నమోదైనది. ఆస్థానాలలో ఉన్న ప్రతి చీతా అడవి నుండి పట్టి తెచ్చినదే. శతాబ్దాల పాటు పట్టగా పట్టగా మిగిలినవి తగ్గిపోయాయి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలకు కొల్హాపూర్, భావనగర్ వంటి సంస్థానాలు ఆఫ్రికా నుండి చీతాలను దిగుమతి చేసుకొనవలసి వచ్చింది.

తెలుగునాట ఈ వేటకు ఒక విషాద ఘట్టం కూడ ఉన్నది. 1880లో విశాఖపట్టణంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ.బి. ఇర్విన్ వేటలో ఒక చీతా వల్ల మరణించాడు. ఆ చీతా విజయనగర ప్రభువుకు చెందినది. భారతదేశంలో చీతా చేతిలో మనిషి చనిపోయినట్లు నమోదైన ఘటన ఇదొక్కటే అని పరిశోధకులు చెబుతారు. పులులు, చిరుతలు చంపినవారి పట్టికలు జిల్లా జిల్లాకూ ఉండగా, చీతా పట్టికలో ఒకే పేరు ఉన్నది. మనిషికి ఇంత తక్కువ హాని చేసిన పెద్దపిల్లి ముందుగా అంతరించింది.

5. చిత్తూరులో చివరి చూపు

1947లో, నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానాధీశుడు రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రివేళ వాహనంలో పోతుండగా మూడు చీతాలు ఒకచోట కూర్చుండి కనబడ్డాయి. మూడింటినీ కాల్చాడు. ఆ వివరం బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికకు చేరింది. సంపాదకులు దానిని ప్రచురిస్తూనే తీవ్రంగా గర్హించారు. దేశంలో చివరి చీతాలు ఇవేనని సాధారణంగా రాస్తారు. పాఠ్యపుస్తకాలలోను, పత్రికలలోను ఈ వాక్యమే తిరుగుతున్నది.

కాని అదే పత్రిక 50వ సంపుటంలో, 1952లో, కె.ఎం. కిర్క్‌పాట్రిక్ రాసిన ఒక చిన్న లేఖ ఉన్నది. అప్పటి మద్రాసు రాష్ట్రంలోని చిత్తూరు జిల్లాలో చీతా కనబడిందన్నది దాని సారాంశం. 1952 అంటే చీతా దేశంలో అంతరించినట్లు ప్రభుత్వం ప్రకటించిన సంవత్సరమే. ఒక ప్రక్క లేదని ప్రకటన, మరొక ప్రక్క ఉన్నదని ఒకరి సాక్ష్యం. ఆ సాక్ష్యానికి చోటు తెలుగు నేల.

చీతా చరిత్ర రాసిన దివ్యభానుసింహ్ వంటి పరిశోధకులు ఈ లేఖను లెక్కలోకి తీసుకొన్నారు. తెలుగు రచనలలో మాత్రం దీని ప్రస్తావన బహు అరుదు. 1947 నాటి మూడు చీతాల వెనుక ఒక రాజు, ఒక తుపాకి, ఒక ఛాయాచిత్రం ఉన్నాయి. చిత్తూరు చీతా వెనుక ఒక చూపు మాత్రమే ఉన్నది. చంపినవాని సాక్ష్యం నిలిచినట్లుగా చూసి ఊరకున్నవాని సాక్ష్యం నిలువకపోవడం వేట చరిత్రలో పదే పదే కనిపించే అన్యాయం. జంతువు శవమైతేనే ఆధారమవుతుందనే న్యాయం మనకు వేటగాళ్ల నుండి సంక్రమించినది. చిత్తూరు, అనంతపురం, కడప ప్రాంతాల పొదలు నిండిన బీళ్లు చీతాకు, దాని ఆహారమైన జింకకు తగిన నేల అన్న సంగతి ఈ సాక్ష్యానికి బలం చేకూరుస్తుంది.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుండి తెచ్చిన ఎనిమిది చీతాలను మధ్యప్రదేశ్‌లోని కునో జాతీయోద్యానంలో విడిచిపెట్టారు. ఆ వార్త రాసేటప్పుడు తెలుగు పత్రికలలో కొన్ని చీతాలన్నాయి, కొన్ని చిరుతలన్నాయి, కొన్ని ఒకే వార్తలో రెండూ అన్నాయి. తప్పు విలేఖరులది కాదు. డెబ్బది ఏళ్లుగా చూడని జంతువుకు భాషలో విడి పేరు నిలిచి ఉండదు. తిరుమల మెట్లదారిలో తిరిగేది చిరుతపులి; కునోలో దిగినది చీతా. ఈ భేదం నిలుపడానికి చీతా అనే మాటనే స్థిరంగా వాడడం మేలు. సాహసించేవారు సివంగిని కూడ పునరుద్ధరించవచ్చు.

6. వేంగి నేల: తుపాకి లేని చూపు

తిరిగి వట్లూరు ప్రాంతానికి వస్తే, ఇక్కడి బయలు నేల రూపం 19వ శతాబ్ది మధ్యలో మారిపోయింది. ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. ఏలూరు కాలువ రెండు నదుల నీటిని కలిపింది. వానను నమ్ముకొన్న చేలు, పశువుల బీళ్లు మాగాణులయ్యాయి. కరవు తీరి అన్నం దొరికింది. దానిని తక్కువ చేసి చెప్పడం చరిత్ర కాదు. ఏడాదిలో అధికభాగం నీరు నిలిచే పొలంలో ఇఱ్ఱికి చోటు లేదన్నది కూడ అంతే నిజం. తుపాకి కంటె నాగలి, కాలువ ఎక్కువ పనిచేసిన నేల ఇది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం అడవిలో కోయల, కొండరెడ్ల వేటను కట్టడి చేసింది. దొరల వేట మాత్రం అనుమతి పత్రంతో సాగింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఎవరి వేటకైనా కట్టడి ఏర్పడింది.

అయితే అనుకోని చూపులు ఆగలేదు. 2022 మే నెలాఖరులో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు మండలంలో పెద్దపులి పశువులను చంపుతూ కొన్ని వారాలు తిరిగింది. 2024 ఆరంభంలో ఏలూరు జిల్లా మెట్ట మండలాలలో పులి అడుగుజాడలు కనిపించి, ఊళ్లలో దండోరాలు వేయవలసి వచ్చింది. చూసినవారు వేటగాళ్లు కారు. తెల్లవారుజామున పామాయిలు తోటకు మోటారు వేయడానికి పోయిన రైతులు, పశువుల కాపరులు. కృష్ణజింక స్థానంలో ఆవుదూడ ఉన్నది. బీడు స్థానంలో తోట ఉన్నది. పామాయిలు, కోకో, జీడిమామిడి తోటలు నీడను, నీటిని, చాటును ఒకేచోట అమర్చిపెట్టాయి. సింహాసనపు కథలో సరస్సు ఒడ్డు చెట్టు ఇచ్చినవి కూడ ఇవే. నాడు వేటగాడు అడవిలోకి పోయి పులిని చూశాడు. నేడు పులి పొలంలోకి వచ్చి రైతుకు కనబడుతున్నది.

పాపికొండల జాతీయోద్యానం 2008లో సుమారు 1,012 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఏర్పడింది. అక్కడి జంతువులను నేడు స్వయంచాలక కెమెరాలు లెక్కిస్తాయి. కెమెరా లేని కాలపు సాక్ష్యం మాత్రం మనుషుల జ్ఞాపకంలో ఉన్నది. పోలవరం ప్రాజెక్టు ముంపు గ్రామాల నుండి తరలిన కోయలు, కొండరెడ్లు ఇప్పుడు మెట్టలోని పునరావాస కాలనీలలో ఉన్నారు. ఏ వాగు దగ్గర దుప్పులు దిగేవి, ఏ రేవులో పులి దాటేది అన్న వివరం చెప్పగల వృద్ధులు ఆ ఇళ్లలో ఉన్నారు. వాగుల పేర్లు, రేవుల పేర్లు నీట మునిగిన తరువాత ఆ జ్ఞాపకానికి చూపించడానికి చోటు ఉండదు. తెలుగు శాఖలలో జానపద గేయాలు, సామెతలు సేకరించే విద్యార్థులు తమ ప్రశ్నావళిలో ఈ ఒక్క ప్రశ్న చేర్చుకొంటే చాలు: లేళ్ల కోసం పోయినప్పుడు మరేమి కనిపించింది, ఎక్కడ, దాన్ని మీరు ఏ పేరుతో పిలిచారు?